వాటాల పట్టికయు గృహస్థుని సొమ్మును

ఒక వస్తువును కొనునపుడు దాని వెల యెంత యని అడుగుట అందరును చేయుపనియే. అది నిజముగా అమ్మువానిదేనా యని అడుగుట వివేకవంతులు చేయుపని. మన పల్లెలలో అరయెకరము మాగాణి కొనదలచిన రైతు సైతము సబ్‌రిజిస్ట్రారు కచేరీకి పోయి ఈసీ తీయించి, ఆ భూమి ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో, దానిపై తాకట్టు గలదో లేదో చూచుకొనక బయానా ఈయడు. ఆ రైతు కుమారుడే పట్టణమున ఉద్యోగము చేయుచు, జీతములో మిగిలిన సొమ్మును ఒక కంపెనీ వాటాలలో పెట్టునపుడు, ఆ కంపెనీ ఎవరిది, వారి వాటాలు వారివద్దనే యున్నవా, తాకట్టునకు పోయినవా యని విచారించుట మిక్కిలి అరుదు. తండ్రికున్న జాగ్రత్త కొడుకునకు లేకపోవుటకు చదువు కొరత కారణము కాదు. భూమికి ఈసీ యున్నట్లు వాటాకును ఒక పట్టిక కలదను సంగతి అతనికి ఎవరును చెప్పలేదు.

ఆ పట్టిక ఎట్లు పుట్టినది, ఎవరి నష్టముచేత పెరిగినది, దానివలన సామాన్యగృహస్థునకు కలుగు మేలెంత, కలుగని మేలెంత యను విషయమును ఈ వ్యాసమున విచారింపదలచితిమి. ఇది ధనికుల ముచ్చట యని చదువరులు పుట తిప్పివేయకుందురు గాక. నేడు వాటా కొననివాని సొమ్ము సైతము జీవిత బీమా మూలమునను, మ్యూచువల్ ఫండు మూలమునను, పింఛను నిధి మూలమునను వాటాల సంతకు పోవుచునే యున్నది.

ఉమ్మడి మూలధనముతో నడచు కంపెనీలకు చట్టము కల్పించునపుడే వాటాదారుల పేర్లు దాచరాదను సూత్రము పుట్టినది. ఇంగ్లండులో 1844లో గ్లాడ్‌స్టన్ పూనికతో వచ్చిన చట్టమును, దాని పిమ్మటి చట్టములును కంపెనీలను రిజిస్టరు చేయించుటయే గాక, సభ్యుల పేర్లను లోకమునకు తెలియజేయవలెనని విధించినవి. మనదేశమున 1850 మొదలుకొని 1866, 1882, 1913 సంవత్సరములలో వచ్చిన కంపెనీ చట్టములు ఆ మార్గమునే అనుసరించినవి. సభ్యుల రిజిస్టరు కంపెనీ కచేరీలో ఉండవలెను. కోరినవారు దానిని చూడవచ్చును. 1923లో బందరున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రాబ్యాంకును స్థాపించినపుడు ఈ యేర్పాటే చాలియుండెను. ఒక ప్రాంతమువారే వాటాదారులగుటచే ఎవరివెనుక ఎవరున్నారో ఊరివారికి తెలియకపోదు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది.

కాని ఆ రిజిస్టరునకు ఆదినుండియు ఒక లోపము గలదు. అది పేరును చూచును గాని మనిషిని చూడదు. రిజిస్టరులో ఎవరి పేరున్న వారే వాటాదారులు; వారు మరియొకరి పక్షమున పట్టుకొన్నవారైనను ఆ సంగతితో కంపెనీకి ప్రసక్తి లేదని చట్టమే చెప్పెను. వ్యాపారమునకు ఇది సౌకర్యమే. కాని బినామీ యను మాట తెలియని ఇల్లు మనదేశమున లేదు. భూపరిమితి చట్టముల కాలమున పాలేరుపేర, బంధువుపేర, పుట్టనున్న బిడ్డపేర పొలములు వ్రాయించిన విద్య మనవారికి కొత్తది కాదు. పొలమున సాగిన విద్య వాటాలయందు సాగకుండునా? నిజమైన లబ్ధిదారు ఎవరో ప్రకటింపవలెనని 1974లో కంపెనీ చట్టమునకు సవరణ వచ్చినది. ఆ పని ఎంత కఠినమో ఈ వ్యాసము తుదిలో చూతము.

యజమాని ఎవరో తెలియకపోవుటవలన నష్టము వాటాదారునకు మాత్రమే కలుగదు. 1906 అక్టోబరులో చెన్నపట్టణమున అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసినది. అది ఘనమైన తెల్లదొరల వ్యాపారసంస్థ. రాజధాని నందలి ఉద్యోగులు, విధవలు, భూస్వాములు తమ కూడబెట్టిన సొమ్మును దానిలో దాచుకొనిరి. లోపల ఎవరి సొమ్ము ఎవరి జూదమునకు పోవుచున్నదో చూచుటకు వారికి కిటికీ లేదు. సర్ జార్జి అర్బత్‌నాటుకు జైలుశిక్ష పడినది గాని పోయిన ధనములో అధికభాగము పోయినదే. ఆ దెబ్బవలననే మరుసటి సంవత్సరమున స్వదేశీయుల పూనికతో ఇండియన్ బ్యాంకు పుట్టినది. పేరుప్రతిష్ఠలు లెక్కలకు బదులు కావని మన రాజధాని నేర్చిన మొదటి పెద్దపాఠ మిది.

అమెరికా దేశము ఈ పాఠమును 1929 నాటి సంతపతనమున నేర్చినది. 1934 నాటి చట్టము కంపెనీ డైరెక్టర్లును, పదింట ఒకవంతుకు మించిన వాటాగలవారును తమ క్రయవిక్రయములను వెల్లడింపవలెనని విధించినది. అయినను బయటివాడొకడు నిశ్శబ్దముగా వాటాలు పోగుచేసి, ఒకనాటి ఉదయమున కంపెనీకి దొరయై కూర్చుండుటను ఇది ఆపలేదు. వానికి ముందుగా అమ్మిన చిన్నవాటాదారులు, తాము అమ్మినది ఎంత విలువగలదో తెలియకయే అగ్గువకు అమ్ముకొనిరి. అందుచేత 1968లో విలియమ్స్ అను సెనేటరు పేర ఒక చట్టము వచ్చినది. నూటికి పది వాటాలు దాటినవాడు పది దినములలో తన పేరును, తన ఉద్దేశమును ప్రకటింపవలెను. రెండేండ్లకే ఆ హద్దు అయిదు శాతమునకు తగ్గినది. పది దినముల గడువు మాత్రము అర్ధశతాబ్దికి పైగా నిలిచి, 2023లో గాని అయిదు పనిదినములకు తగ్గలేదు. ఆ గడువులో తెలిసినవాడు కొనుచుండును, తెలియనివాడు అమ్ముచుండును. ఒక్కొక్క దినము తగ్గించుట సామాన్యుని పక్షమున ఒక్కొక్క మెట్టు ఎక్కుటయే.

మనదేశమున ఈ చర్చను రేపినవాడు లండనులో స్థిరపడిన స్వరాజ్ పాల్. 1983లో అతడు ఢిల్లీ నందలి డీసీఎం, ఎస్కార్ట్స్ అను రెండు కంపెనీల వాటాలను సంతలో కొనసాగించెను. ఆ కంపెనీలను తరతరములుగా ఏలుచున్న కుటుంబముల చేతిలో ఉన్న వాటా స్వల్పమని లోకమునకు అప్పుడు తెలిసినది. అధికవాటా ప్రభుత్వపు బీమా సంస్థలదియు, సామాన్యులదియు. సింహాసనమొకరిది, మూలధనమొకరిది! వాటాలను అతనిపేర నమోదు చేయుటకు కంపెనీలు నిరాకరింపగా, వివాదము సుప్రీంకోర్టు వరకు పోయినది. ఆ పిమ్మట క్రమముగా నిబంధనలు బిగిసినవి. 1992లో సెబీ యను నియంత్రణమండలికి చట్టబలము కలిగెను. 1994లోను, న్యాయమూర్తి భగవతిగారి సంఘము సూచనలపై 1997లోను, పెద్దవాటాలు సేకరించుటను గూర్చిన నిబంధనలు వెలువడినవి. మూడు మాసముల కొకసారి ప్రతి కంపెనీయు తన వాటాల పట్టికను స్టాక్ ఎక్స్చేంజికి పంపవలెను. కంపెనీని నెలకొల్పినవారికెంత, విదేశీసంస్థలకెంత, ప్రజలకెంత యని ఆ పట్టిక తెలుపును.

ఈ పట్టికకు గల బలమును, బలహీనతను, రెండింటిని ఒక్కచోట చూపిన ఉదాహరణము మన తెలుగుగడ్డమీదనే కలదు. అది సత్యం కంప్యూటర్ సర్వీసెస్ చరిత్రము.

బి. రామలింగరాజుగారు 1987లో హైదరాబాదున స్థాపించిన ఈ కంపెనీ ఇరువది యేండ్లలో దేశమున నాలుగవ పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ యను కీర్తిని పొందెను. 2001లో దాని పత్రములు న్యూయార్కు సంతకెక్కినవి. తెలుగునాట సత్యములో ఉద్యోగమనగా పెండ్లిసంబంధమునకు మంచి గుర్తు. సత్యము వాటా యనగా బంగారముతో సమానము. పిల్లల చదువుకొరకు, ఆడబిడ్డల పెండ్లికొరకు దానిని దాచుకొన్న కుటుంబములు గలవు. 2008 సెప్టెంబరులో సుపరిపాలనకుగాను ‘గోల్డెన్ పీకాక్’ అను బహుమానము సైతము దానికి లభించెను.

ఈ కీర్తి పెరుగుచున్న కాలముననే పట్టిక వేరొక కథ చెప్పుచుండెను. 2001 మార్చిలో స్థాపక కుటుంబము వాటా నూటికి 25.60. 2008 మార్చినాటికి అది 8.74 శాతమునకు దిగెను. ఇది రహస్యముగా జరిగినది కాదు. మూడు మాసముల కొకసారి, ఏడేండ్లపాటు, అంకెలు ప్రకటింపబడుచునే యుండెను. కంపెనీ మహాభివృద్ధి నొందుచున్నదని చెప్పువారే తమ వాటాను ఏల తగ్గించుకొనుచున్నారని అడిగినవారు అరుదు. లాభనష్టముల లెక్కలు అబద్ధములు. వాటి క్రింద తనిఖీదారుల సంతకములు గలవు. వాటాల పట్టిక యీ ఒక్క విషయమున సత్యమును చెప్పుచుండెను. దానిని చదువువారు లేరు. అబద్ధమును నమ్మి సత్యమును చదువకపోతిమి. ఈ చరిత్రములో గృహస్థుడు గ్రహింపవలసిన మొదటి సంగతి యిది.

అయినను పట్టిక చెప్పని సంగతి మరియొకటి యుండెను. మిగిలిన ఆ వాటాలు తాకట్టులో నున్నవి. స్థాపకుడు తన వాటాలను కుదువబెట్టి అప్పు తెచ్చిన యెడల ఆ సంగతిని వెల్లడింపవలెనను నియమము నాడు మనదేశమున లేదు. పేరు రాజుగారిది, చాబి అప్పిచ్చినవారిది. భూమియైనచో ఈసీలో ఆ తాకట్టు కనబడియుండును. వాటాకు అంతపాటి రక్షణయు లేకపోయెను.

2008 డిసెంబరు 16వ తేదీన సత్యము డైరెక్టర్లు 160 కోట్ల డాలర్లు వెచ్చించి మేటాస్ పేరుగల రెండు కంపెనీలను కొనుటకు తీర్మానించిరి. అవి రాజుగారి కుటుంబమునకు చెందినవి. సత్యము అను పేరును ఇంగ్లీషు అక్షరములలో తలక్రిందుగా చదివిన మేటాస్ అగును. పెద్ద పెట్టుబడిదారులు మండిపడగా మరునాటికే ఆ తీర్మానము రద్దయినది. వాటా ధర పడినది. పడిన వెంటనే అప్పిచ్చినవారు తాకట్టు వాటాలను అమ్మసాగిరి. 2009 జనవరి మొదటివారమున కుటుంబము వాటా 8 శాతమునకు పైనుండి 5 శాతమునకు దిగినదన్న వార్త పొక్కెను. జనవరి 7వ తేదీన రాజుగారు డైరెక్టర్లకు లేఖ వ్రాసి, కంపెనీ లెక్కలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదులో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకొనిరి. ముందటిదినము సుమారు 179 రూపాయలు పలికిన వాటా ఆ సాయంకాలమునకు 40 రూపాయలైనది.

ఆ లేఖలో తరచుగా చెప్పుకొనబడునది పులిస్వారి ఉపమానము. దిగినచో పులి మ్రింగును గనుక దిగు ఉపాయము దొరకలేదని వారు వ్రాసిరి. మా దృష్టికి అంతకంటె ముఖ్యమైనది దాని పై వాక్యభావము. స్థాపకుల వాటా స్వల్పమగుటచే, లాభములు తగ్గినట్లు చూపినచో ఎవరైన కంపెనీని ఆక్రమింతురనియు, అప్పుడు లెక్కల గుట్టు బయటపడుననియు భయపడితి మని వారి మాట. స్థాపకుల వాటాలన్నిటిని కుదువబెట్టి 1,230 కోట్లు సమకూర్చితి మనియు ఆ లేఖలోనే కలదు. కావున వాటా తరుగుటయు, తాకట్టు పెరుగుటయు ఈ వ్యాధికి వెలుపలి చిహ్నములు కావు, వ్యాధిలోని భాగములే.

తాకట్టు సామాన్యుని ఎట్లు ముంచునో వివరించుట అవసరము. స్థాపకుడు నూరు రూపాయల వాటాను కుదువబెట్టి యేబది అప్పు తెచ్చెననుకొందము. ధర డెబ్బదికి దిగినచో అప్పిచ్చినవాడు ఇంకను వాటాలు తెమ్మనును. తేలేనిచో చేతనున్నవాటిని సంతలో అమ్మును. ఆ అమ్మకముచే ధర యింకను పడును. పడినకొలది ఇంకను అమ్మును. ఈ చక్రము తిరుగుచున్నంతసేపు అప్పిచ్చినవానికి సంగతి తెలియును, తీసికొన్నవానికి తెలియును, తెలియనిది నెల్లూరిలోనో, నరసరావుపేటలోనో ధర తగ్గినది గదా యని మరి నాలుగు వాటాలు కొను గృహస్థునకు మాత్రమే. అగ్గువయని కొన్నది ఒకరి తాకట్టు వస్తువని వానికి చెప్పువారు లేరు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, 2009 జనవరి 28వ తేదీన సెబీ నూతన నియమమును ప్రకటించినది. స్థాపకులు తమ వాటాలను కుదువబెట్టినను, విడిపించినను, తాకట్టుదారు స్వాధీనము చేసికొన్నను ఆ సంగతిని లోకమునకు తెలుపవలెను. లేఖకును ఈ నియమమునకును నడుమ మూడు వారములే. మూడు వారములలో వ్రాయదగిన నియమము అంతకుముందు ఏల లేకపోయెనని అడిగినచో సమాధానము సులభము: దానిని కోరువారు లేరు. నియమములవలన మేలు పొందువారు లక్షలమందియైనను చెల్లాచెదరుగా నుందురు. వానివలన ఇబ్బంది పడువారు కొలదిమందియే గాని ఒక్కటిగా నుందురు.

ఆ తరువాతి కథ క్లుప్తముగా చెప్పుదుము. కేంద్రప్రభుత్వము పాతడైరెక్టర్లను తొలగించి కొత్తవారిని నియమించినది. 2009 ఏప్రిలులో టెక్ మహీంద్రా సంస్థ వాటా ఒకటికి 58 రూపాయల చొప్పున చెల్లించి సత్యమును స్వాధీనము చేసికొనెను. 2013లో తనలో కలుపుకొనెను. 2015 ఏప్రిలు 9వ తేదీన హైదరాబాదు నందలి ప్రత్యేకన్యాయస్థానము రామలింగరాజుగారితో కూడ పదిమందిని దోషులని నిర్ణయించినది. మరుసటినెలలో పైకోర్టు శిక్షను నిలిపి బెయిలు ఇచ్చినది. అమెరికాలో సత్యము పత్రములు కొన్నవారు సామూహికవ్యాజ్యము వేయగా, 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడెను. అదే కంపెనీ, అదే మోసము. మన గృహస్థునకు అట్టి వ్యాజ్యమునకు నాటి కంపెనీ చట్టములో మార్గమే లేదు. 2013 నాటి కొత్తచట్టము ఆ మార్గమును వ్రాతలో ఏర్పరచినది.

సత్యమునకు నియమింపబడిన కొత్తడైరెక్టర్లలో నొకరైన సి. అచ్యుతన్‌గారి అధ్యక్షతననే సెబీ మరియొక సంఘమును వేసినది. దాని సూచనలపై 2011లో వాటాసేకరణ నిబంధనలు తిరుగవ్రాయబడినవి. ఇప్పుడు 5 శాతము వాటా చేరినవాడు రెండు పనిదినములలో ప్రకటింపవలెను. 25 శాతము చేరదలచినవాడు ఇతర వాటాదారులనుండి మరి 26 శాతమును నిర్ణీతవిధానమున లెక్కించిన ధరకు కొందునని బహిరంగముగా అడుగవలెను. కంపెనీ చేయిమారునపుడు కొత్తయజమానిని నమ్మని చిన్నవాటాదారు గౌరవముగా తొలగుటకు ఇది ద్వారము. 1983లో లేని ద్వార మిది.

పెద్దల వాటాలను గూర్చి ఇంత చెప్పితిమి. గృహస్థుని సొంతవాటాయే అతనికి తెలియక తాకట్టుపడిన ఉదంతమును చెప్పక విడువరాదు. అదియును హైదరాబాదుదే. కార్వీ స్టాక్ బ్రోకింగు అను ప్రసిద్ధ దళారీసంస్థ ఖాతాదారులిచ్చిన అధికారపత్రములను ఆధారము చేసికొని, వారి వాటాలను బ్యాంకులవద్ద కుదువబెట్టి తన అవసరములకు అప్పు తెచ్చినదని 2019 నవంబరు 22వ తేదీన సెబీ ఉత్తరువు వెలువరించినది. డిసెంబరులో 82 వేలకు మించిన ఖాతాదారులకు వాటాలు తిరిగి చేర్పబడినవి. 2020 సెప్టెంబరు నుండి పద్ధతి మారినది. ఖాతాదారు వాటాలు అతని డీమాట్ ఖాతాలోనే యుండును. అతని ఫోనునకు వచ్చిన గుర్తుసంఖ్యను అతడే ఇచ్చిననాడు గాని తాకట్టు చెల్లదు. కాని ఆ సంఖ్యను అడిగినవారికెల్ల చెప్పువానిని ఏ నియమమును కాపాడజాలదు.

ఇక మా ప్రాంతపు ముచ్చట. వెంకటాచలము నెల్లూరునకు దక్షిణమున, చెన్నపట్టణమునుండి కలకత్తా పోవు రాజబాటపై నున్నది. ఇచ్చటనుండి చీలిన ఇనుపదారి తూర్పున కృష్ణపట్టణము రేవునకు పోవును. పడమట ఓబులవారిపల్లె నుండి వెలికొండలను తొలుచుకొని వచ్చిన కొత్తదారి 2019లో ఇచ్చటికి చేరినది. 2008లో పని ప్రారంభించిన ఆ రేవు నవయుగ సంస్థవారిది. సంతకెక్కని కంపెనీ యగుటచే దాని వాటాల పట్టికను మూడు మాసముల కొకసారి లోకమునకు చూపవలసిన పని లేకుండెను. 2020 అక్టోబరులో నూటికి 75 వాటాలను, 2021లో మిగిలిన 25 వాటాలను అదానీ పోర్ట్స్ కొనెను. తుది 25 శాతమునకు వెల 2,800 కోట్లు. అదానీ పోర్ట్స్ సంతలో వాటాలు అమ్ముడుపోవు కంపెనీ. అనగా మా యూరిమీదుగా పోవు బొగ్గుబండ్ల లాభనష్టములలో ఇప్పుడు దేశమందలి చిన్నవాటాదారులకును, బీమాదారులకును పాలు గలదు. మేము చూచు రేవునకు యజమాని ఎవరను ప్రశ్న వారి ప్రశ్నయు నైనది.

2023 జనవరి 24వ తేదీన అమెరికాలోని హిండెన్‌బర్గు అను సంస్థ అదానీ కంపెనీలపై ఒక నివేదిక ప్రకటించినది. ధరలు పడినచో తనకు లాభమగునట్లు పందెము కట్టితినని ఆ సంస్థయే చెప్పుకొనెను. విదేశములలోని కొన్ని నిధుల పేర నున్న వాటాలు, పట్టికలో ప్రజల వాటాలుగా చూపబడినను, నిజమునకు స్థాపకుల మనుష్యులవే యని దాని ఆరోపణ. అదానీవారు దానిని పూర్తిగా ఖండించిరి. కొలదిదినములలో ఆ కంపెనీల సంతవిలువ పదివేల కోట్ల డాలర్లకు మించి తరిగినది. సుప్రీంకోర్టు నియమించిన నిపుణసంఘము 2023 మే నెలలో నివేదిక యిచ్చుచు, 13 విదేశీసంస్థల అంతిమ యజమానులెవరో సెబీ తేల్చలేకపోయినదని పేర్కొనెను. 2024 జనవరి 3వ తేదీన కోర్టు విచారణను సెబీ చేతిలోనే యుంచెను. 2025 సెప్టెంబరు 18వ తేదీన సెబీ ఆ ఆరోపణలలో కొన్నిటిని, అనగా సంబంధిత సంస్థల నడుమ లావాదేవీలను దాచిరను వానిని, నిరూపితములు కావని త్రోసిపుచ్చెను.

ఈ వివాదమున ఎవరిపక్షము వహించుటయు మా యుద్దేశము కాదు. ఒక దేశపు నియంత్రణమండలి, సమస్తాధికారములుండియు, ఒక వాటా వెనుకనున్న మనిషి యెవరో తేల్చలేకపోయిన సంగతిని మాత్రమే చదువరులు గుర్తింపవలెను. 1844 నాటి లోపమే యిది. రిజిస్టరులోని పేరును చూచుట, మనిషిని చూడలేకపోవుట. 2023 ఆగస్టులో సెబీ కొత్తనియమము చేసినది. భారతవాటాలలో తాము పెట్టిన సొమ్ములో సగమునకు మించి ఒక్క వ్యాపారకూటమిలోనే పెట్టిన విదేశీనిధులును, మొత్తముమీద 25,000 కోట్లకు మించిన పెట్టుబడి గలవియు తమ తుదియజమానులను పేరుపేరున చెప్పవలెను. ఈ రెండవ హద్దును 2025లో 50,000 కోట్లకు పెంచిరి. నియమము మరల సంఘటన వెనుకనే నడచినది.

ఇన్ని ప్రకటనలవలన వ్యాపారమునకు భారమే గాని మేలేమి యని కొందరందురు. మోసగాడు ఎన్ని పట్టికలున్నను మోసగించును. నిజాయితీపరుడు పట్టిక లేకున్నను నిజాయితీగానే యుండునని వారి వాదము. ఇందు కొంత నిజము కలదు. సత్యమున నగదు లెక్కలు ప్రకటితములే, తనిఖీయైనవే, అబద్ధములే. కాని పట్టిక పని మోసమును మాన్పుట మాత్రమే కాదు. మోసమును దాచుట కష్టతరము చేయుటయు, చూడదలచినవానికి జాడనిచ్చుటయు దాని పని. వీథిదీపమున్నంత మాత్రమున దొంగతనములు ఆగవు. అందుచేత దీపములు వలదని ఏ గ్రామస్థుడును అనడు.

దీనికంటె బలమైన ఆక్షేపణ మరియొకటి కలదు. ప్రకటనలు ఎక్కువైనకొలది చదువువారు తక్కువగుదురు. మూడు మాసములు తీరిన పిమ్మట 21 దినములలో వెలువడు పట్టిక సామాన్యుని చేరునప్పటికి పెద్దలు తమ పని ముగించియుందురు. ఇది కాదనరానిది. చిన్నవాడు వేగమున పెద్దవానిని గెలువజాలడు. కాని అతనికి వేగముతో పనిలేదు. సత్యమున ఏడేండ్ల కాలము పట్టిన తరుగుదలను చూచుటకు వేగమెందులకు? సంవత్సరమున కొక్కసారి చూచినవాడును ఆ మెట్లను లెక్కింపగలిగియుండును. చిన్నవాని ఆయుధము ఓరిమి. ఓరిమిగలవానికి పాతపట్టిక సైతము దీపమే.

ఆ పట్టిక చదువుటకు గొప్ప విద్య అవసరము లేదు. మొదటి వరుసలో స్థాపకుల వాటా ఎంత? నిరుడెంత? అంతకుముందెంత? దానిప్రక్కనే తాకట్టుపడినది నూటికెంత? స్థాపకుల వాటాలో సగమునకు మించి తాకట్టుపడినచో అందుకు కారణమును వారు ప్రత్యేకముగా చెప్పవలెనని 2019 నుండి నియమము గలదు. ఆ కారణము చదువదగినది. ప్రజలవాటాలలో నూటికి ఒకటి మించినవారి పేర్లు విడిగా నుండును; ఎన్నడు విననిపేరు పెద్దవాటాతో కనబడినచో అనుమానింపవచ్చును. రెండు లక్షల రూపాయల ముఖవిలువకు లోబడిన వ్యక్తులందరు కలిసి ఒక్కవరుసలో నుందురు. మనబోటివారి ఉనికి అక్కడ. మన వరుస ఉబ్బుచు, స్థాపకుల వరుస సన్నగిల్లుచున్న యెడల, తెలిసినవారు దిగిపోవుచుండగా తెలియనివారు ఎక్కుచున్నారేమో యని ఆగి ఆలోచింపవలెను. ప్రతి తరుగుదలయు మోసము కాదు. కాని ప్రతి తరుగుదలకును ఒక కారణముండును, ఆ కారణమును అడుగుహక్కు మనది.

గృహిణులను గూర్చి ఒకమాట. పలు కుటుంబములలో భర్త ఏ కంపెనీ వాటా కొనెనో భార్యకు తెలియదు. ఆమెపేర తెరచిన డీమాట్ ఖాతాలో ఏమున్నదో ఆమెకే తెలియదు. తనపేర నున్న సొమ్ము తనకు తెలియకుండుట ఇంటిలోని బినామీయే గదా! దేశమున యజమానుల పేర్లు బయటపెట్టవలెనని కోరు సంస్కర్తలు తమ యింటి పట్టికను మొదట భార్యకు చూపవలెను. నెలనెల వచ్చు ఖాతావివరమును ఇద్దరును కూర్చుండి చదువుట, నామినీ పేరు వ్రాయించుట, ఫోనునకు వచ్చు సంఖ్యను అన్యులకు చెప్పకుండుట, ఈ మూడును ఆచారముగా చేసికొనవలెను. లెక్క తెలిసిన గృహిణి యున్న యింట దళారి మాట అంత సులభముగా చెల్లదు.

ఇల్లు అలుకగానే పండుగ కాదు. నియమము వ్రాయగానే రక్షణ కలుగదు. అర్బత్‌నాటు మొదలు కార్వీ వరకు మనకు లభించిన ప్రతి నియమమును ఎవరో కొందరి పోయిన సొమ్ముతో కొన్నదే. ఒకరి కుమార్తె పెండ్లి ఆగినందున, ఒకరి వార్ధక్యపు కూడు పోయినందున వెలిగిన దీపములివి. వాటి వెలుగున చదువక, ధర పెరుగుచున్నదను వార్త విని పరుగెత్తినచో ఆ నష్టములు వ్యర్థములగును. అరయెకరము కొను రైతు ఈసీ అడుగుటకు సిగ్గుపడడు. వాటా కొను విద్యావంతుడు ఇది ఎవరిది, తాకట్టులో నున్నదా యని అడుగుటకు ఏల సిగ్గుపడవలెను?